మాంసానికి చలి, మంచు, మంట: ఇంటి వంటగదిలో కాలం–ఉష్ణోగ్రతల లెక్క

ఆదివారం ఉదయం కోళ్ల దుకాణం ముందు జనం గుమిగూడడం తెలుగు పల్లెల్లోనూ పట్టణాల్లోనూ పరిపాటి. కళ్ల ముందే కోసి, ముక్కలు కొట్టి, పాలిథిన్ సంచిలో వేసి ఇచ్చిన మాంసం ఇంటికి చేరేసరికి ఇంకా వెచ్చగానే ఉంటుంది. ఒకప్పుడు ఆ మాంసం ఆ పూటే పొయ్యి మీదికి వెళ్లేది. ఇంటింటా రిఫ్రిజిరేటరు వచ్చిన తరువాత ఈ అలవాటు మారింది. సగం వండుకొని, మిగిలిన సగాన్ని అదే సంచితో ఫ్రీజరులో పెట్టడం, వారం మధ్యలో ఒక ఉదయం దాన్ని తీసి గట్టు మీద ఉంచి పొలానికో ఉద్యోగానికో వెళ్లడం, తిరిగి వచ్చాక మెత్తబడిన ముక్కలను వండుకోవడం నేడు సర్వసాధారణం.

ఈ క్రమంలో ప్రమాదం ఏ దశలో ఉన్నదని అడిగితే చాలామంది చెప్పే సమాధానం, ‘సరిగా ఉడకకపోతేనే ప్రమాదం’ అని. ఇది పూర్తిగా సరియైనది కాదు. తెలుగువారి వంటలో మాంసం సాధారణంగా ముక్కలుగానే ఉంటుంది, పులుసుగానో కూరగానో చాలాసేపు మరుగుతుంది, తరచుగా ప్రెషర్ కుక్కరులో ఉడుకుతుంది. కాబట్టి పొయ్యి మీద జరిగే పొరపాటు తక్కువ. పొయ్యికి ముందు మంచు విడదీసే వేళ, పొయ్యి దించిన తరువాత కూర చల్లారే వేళ జరిగే పొరపాట్లే ఎక్కువ. ఈ రెండు దశలను అర్థం చేసుకోవడానికి కావలసినది కాలాన్ని, ఉష్ణోగ్రతను కలిపి లెక్కించే దృష్టి.

చలి ఆపుతుంది, చంపదు

మాంసంలో సుమారు 75 శాతం నీరు ఉంటుంది. మిగిలినదానిలో అధికభాగం మాంసకృత్తులు. ఆమ్లత్వం స్వల్పం. మనిషికి ఇది ఎంత మంచి ఆహారమో సూక్ష్మజీవులకూ అంతే. సాల్మొనెల్లా, ఇ. కోలై, స్టెఫైలోకాకస్ ఆరియస్ వంటి బాక్టీరియా 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య వృద్ధి చెందుతాయి. అందుచేతనే ఈ పరిధిని ప్రమాద మండలం అంటారు. అనుకూల ఉష్ణోగ్రతలో కొన్ని రకాలు 20 నిమిషాలకు ఒకసారి రెట్టింపవుతాయి. ఆ వేగం అలాగే కొనసాగినదనుకుంటే, 1,000 కణాలు 6 గంటల్లో 18 సార్లు రెట్టింపై 26 కోట్లు దాటుతాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ప్రచురించిన ‘సురక్షిత ఆహారానికి ఐదు కీలక సూత్రాలు’ ఈ అవగాహనపైనే రూపొందాయి. శుభ్రత పాటించడం, పచ్చి ఆహారాన్ని వండిన ఆహారం నుంచి వేరుగా ఉంచడం, పూర్తిగా ఉడికించడం, తగిన ఉష్ణోగ్రతలో నిల్వ చేయడం, సురక్షితమైన నీటిని, ముడి పదార్థాలను వాడడం ఆ ఐదు సూత్రాలు. వండిన ఆహారాన్ని గది ఉష్ణోగ్రతలో 2 గంటలకు మించి ఉంచరాదని ఆ సంస్థ సూచిస్తుంది. అమెరికా వ్యవసాయ శాఖ పచ్చి మాంసానికీ ఇదే గడువును విధిస్తూ, పరిసర ఉష్ణోగ్రత 32 డిగ్రీలు దాటితే దాన్ని ఒక గంటకు కుదిస్తుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో వేసవి ఎలా ఉంటుందో ఎరిగినవారికి ఈ సవరణ ప్రాధాన్యం వేరుగా చెప్పనవసరం లేదు. ఆ దేశంలో మినహాయింపుగా పేర్కొన్న ఒక గంట గడువే మన ప్రాంతంలో ఏడాదిలో చాలా నెలలకు అసలు నియమం.

మైనస్ 18 డిగ్రీల వద్ద సూక్ష్మజీవుల వృద్ధి పూర్తిగా ఆగిపోతుంది. అయితే ఆగిపోవడం వేరు, నశించడం వేరు. శీతల గిడ్డంగిలో ఉంచిన విత్తనం మొలకెత్తదు, కానీ చావదు. తేమ, వెచ్చదనం తగలగానే మొలకెత్తుతుంది. ఫ్రీజరులోని మాంసంపై ఉన్న బాక్టీరియా స్థితి అదే. కొన్ని పరాన్నజీవులు తగినంత కాలం గడ్డకట్టిన స్థితిలో నశిస్తాయి. కొన్ని బాక్టీరియా సంఖ్యలో తగ్గుతాయి. కానీ వీటిని ఆధారం చేసుకొని గడ్డకట్టిన మాంసం క్రిమిరహితమని భావించరాదు. వైరస్‌లకూ ఈ మాట వర్తిస్తుంది. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. ఆ వ్యాధి కారక వైరస్ ఫ్రీజరులో నశించదు, 70 డిగ్రీల వేడి లోపలి వరకు చేరినప్పుడే నిర్వీర్యమవుతుంది.

వెచ్చని మాంసాన్ని నేరుగా గడ్డకట్టిస్తే

మన ప్రాంతంలో మాంసం ఎక్కువగా కోసిన వెంటనే అమ్ముడవుతుంది. దీనివల్ల నాణ్యతకు సంబంధించిన ఒక ప్రత్యేక సమస్య తలెత్తుతుంది. జీవం పోయిన తరువాత కండరంలోని గ్లైకోజెన్ లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. ఉదజని సూచిక దాదాపు 7 నుంచి 5.5–5.8 వరకు పడిపోతుంది. శక్తి నిల్వలు తరిగిపోయి కండరం బిగుసుకుంటుంది. రైగర్ మార్టిస్ అనే ఈ బిగుతు కోడిలో కొద్ది గంటల్లోనే ఏర్పడి సడలుతుంది. మేక, గొర్రెలలో ఏర్పడడానికే సుమారు 8 నుంచి 12 గంటలు పడుతుంది.

న్యూజిలాండ్ నుంచి గడ్డకట్టించిన గొర్రె మాంసం 1882లోనే ‘డునెడిన్’ అనే ఓడలో లండన్ చేరింది. ఆ వ్యాపారం విస్తరించి, శీతలీకరణ వేగం పెరిగిన తరువాత మాంసం గట్టిబడుతున్నదన్న ఫిర్యాదు వచ్చింది. ఆ దేశపు శాస్త్రవేత్తలు లాకర్, హాగ్యార్డ్ 1963లో దీనికి సంబంధించిన కీలక విషయాన్ని పశుమాంసంపై నిరూపించారు. బిగుతు ఏర్పడక ముందే కండరాన్ని అతి తక్కువ ఉష్ణోగ్రతకు చల్లబరిస్తే అది తీవ్రంగా కుంచించుకుపోతుంది. బిగుతుకు ముందే గడ్డకట్టించిన మాంసంలో ఈ కుంచింపు మంచు విడేటప్పుడు మరింత ఎక్కువగా జరుగుతుంది. రసం విపరీతంగా కారిపోయి, ముక్క రబ్బరులా తయారవుతుంది. ‘ఫ్రిజ్‌లో పెడితే మాంసం రుచి పోతుంది’ అన్న గృహిణుల ఫిర్యాదుకు ఇది ఒక ముఖ్య కారణం.

ఆచరణలో దీనికి పరిష్కారం సులువు. ఆ పూట వండే భాగాన్ని వెంటనే వండుకోవాలి. నిల్వ చేయదలచిన భాగాన్ని ఇంటికి రాగానే మూత ఉన్న గిన్నెలో రిఫ్రిజిరేటరు కింది అరలో ఉంచాలి. కోడి మాంసాన్ని ఆరేడు గంటల తరువాత, మేక, గొర్రె మాంసాన్ని మరునాడు ఫ్రీజరులోకి మార్చాలి. మెత్తదనం కోసం మాంసాన్ని బయట గదిలో ఉంచడం మాత్రం ఎన్నడూ తగదు.

ఫ్రీజరు తలుపుపై నక్షత్రాలు

కోడి ముక్కలను 9 నెలలు, కీమాను 3 నుంచి 4 నెలలు నిల్వ చేయవచ్చునని విదేశీ పట్టికలు చెబుతాయి. ఆ అంకెలన్నీ నాణ్యతకు సంబంధించినవి, పైగా స్థిరంగా మైనస్ 18 డిగ్రీలు ఉండే ఫ్రీజరుకు వర్తించేవి. మన ఇళ్లలోని ఒంటి తలుపు రిఫ్రిజిరేటర్లలో పైన ఉండే చిన్న గడి అన్నివేళలా ఆ స్థాయికి చేరుతుందన్న భరోసా లేదు. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ఫ్రీజరు గడిపై ఒక నక్షత్రం ఉంటే మైనస్ 6, రెండు ఉంటే మైనస్ 12, మూడు ఉంటే మైనస్ 18 డిగ్రీలు. ఇప్పటికే గడ్డకట్టిన ఆహారానికి వీటిలో నిల్వకాలం వరుసగా ఒక వారం, ఒక నెల, మూడు నెలలుగా పరిగణిస్తారు. రిఫ్రిజిరేటరు ముందు అతికించే విద్యుత్ పొదుపు నక్షత్రాలు వేరు. అవి కరెంటు వినియోగాన్ని తెలుపుతాయే కాని చలి స్థాయిని తెలుపవు. ఈ రెండింటికీ గల తేడాను వినియోగదారులకు వివరించడం అవసరం.

గడ్డకట్టే వేగం కూడా ముఖ్యమే. మాంసంలోని నీరు మైనస్ 1 డిగ్రీ దరిదాపుల్లో గడ్డకట్టడం మొదలై, మైనస్ 5 డిగ్రీలకు చేరేసరికి అధికభాగం మంచుగా మారుతుంది. ఈ దశ నెమ్మదిగా సాగితే పెద్ద స్ఫటికాలు ఏర్పడి కణాల పొరలను చీలుస్తాయి. త్వరగా ముగిస్తే స్ఫటికాలు చిన్నవిగా ఉండి రసం నష్టం తగ్గుతుంది. ఆర్. ప్లాంక్ 1913లో ప్రతిపాదించిన సమీకరణం ప్రకారం మందం రెట్టింపైతే గడ్డకట్టే సమయం రెండు నుంచి నాలుగు రెట్ల వరకు పెరుగుతుంది. కాబట్టి రెండు కిలోల ముద్దను ఒకే సంచిలో కుక్కడం కన్న, ఒక పూటకు సరిపడే అరకిలో పొట్లాలుగా విడదీసి, రెండు మూడు సెంటీమీటర్ల మందంతో పలకలా పరచి, గాలిని వెళ్లగొట్టి మూతి బిగించడం మేలు. గాలి మిగిలితే మంచు నేరుగా ఆవిరై ఉపరితలం ఎండిపోతుంది. తెల్లని మచ్చలతో కనిపించే ఆ భాగం తింటే హాని లేదు గాని, రుచి ఉండదు. ప్రతి పొట్లంపై తేదీ రాయాలి.

మంచు విడదీయడమే కీలకం

గడ్డకట్టిన మాంసం బయట గట్టు మీద ఎందుకు ప్రమాదకరమో తెలుసుకోవడానికి ఒక భౌతిక సూత్రం చాలు. మంచు వేడిని నీటికన్న సుమారు నాలుగు రెట్లు బాగా ప్రసరింపజేస్తుంది. గడ్డకట్టేటప్పుడు పైపొర మంచుగా మారి లోపలి వేడి బయటికి పోవడానికి దారి ఇస్తుంది. మంచు విడేటప్పుడు పైపొర ముందుగా మెత్తబడి, వేడి లోపలికి పోకుండా అడ్డుపడుతుంది. అందుచేత మంచు విడడం గడ్డకట్టడం కన్న నెమ్మదిగా సాగుతుంది. నడిమి భాగం ఇంకా రాయిలా ఉండగానే ఉపరితలం గది ఉష్ణోగ్రతకు చేరుతుంది. బాక్టీరియా ఉండేది ప్రధానంగా ఆ ఉపరితలంపైనే. కారిన రసం వాటికి సిద్ధంగా ఉన్న పోషక ద్రావణం. వేసవి ఉదయం 8 గంటలకు బయట పెట్టి మధ్యాహ్నం 2 గంటలకు వండే కుటుంబం, తాను ఎరుగకుండానే ఆరు గంటల పెంపకానికి అవకాశం ఇస్తున్నది.

‘తరువాత ఎలాగూ ఉడికిస్తాం కదా’ అన్న వాదన ఇక్కడ నిలువదు. స్టెఫైలోకాకస్ ఆరియస్ విడుదల చేసే విషపదార్థం వేడికి తట్టుకుంటుంది. మరిగించినప్పుడు బాక్టీరియా చచ్చినా, అప్పటికే తయారైన విషం కూరలో మిగులుతుంది.

సురక్షితమైన పద్ధతులు మూడు. మొదటిది, ముందురోజే పొట్లాన్ని ఫ్రీజరు నుంచి కింది అరలోకి మార్చడం. అరకిలో మాంసానికైనా ఒక రోజు పడుతుంది. రసం ఇతర పదార్థాలపై కారకుండా కింద పళ్లెం ఉండాలి. రెండవది, నీరు చొరబడని సంచిలో ఉంచి చన్నీటిలో ముంచి, ప్రతి అరగంటకు నీరు మార్చడం. పలుచని అరకిలో పొట్లం సుమారు గంటలో విడుతుంది. వేడినీరు వాడరాదు. వేసవిలో మేడపై తొట్టి నుంచి వచ్చే కుళాయి నీరు వెచ్చగా ఉంటుంది కనుక చల్లని కుండ నీటినో ఫ్రిజ్ నీటినో వాడాలి. మూడవది, మైక్రోవేవ్ ఓవెన్. ఇందులో కొన్ని చోట్ల ముక్కలు వెచ్చబడతాయి కనుక తీసిన వెంటనే వండాలి. వీటికి వ్యవధి లేనప్పుడు గడ్డకట్టిన ముక్కలనే నేరుగా పులుసులోనో కుక్కరులోనో వేయవచ్చు. సమయం సుమారు ఒకటిన్నర రెట్లు పడుతుందని గుర్తుంచుకుంటే చాలు.

రిఫ్రిజిరేటరులోనే మంచు విడిన మాంసాన్ని వండకుండా తిరిగి గడ్డకట్టించవచ్చు, కొంత నాణ్యత తగ్గుతుంది. చన్నీటిలోనో మైక్రోవేవ్‌లోనో విడిన మాంసాన్ని మాత్రం వండిన తరువాతనే మళ్లీ ఫ్రీజరులో పెట్టాలి.

కరెంటు పోయినప్పుడు

తలుపు తెరవకుండా ఉంచితే రిఫ్రిజిరేటరు సుమారు 4 గంటలు చలిని నిలుపుతుంది. నిండుగా ఉన్న విడి ఫ్రీజరు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు నిలుపుతుంది. ఒంటి తలుపు యంత్రంలోని చిన్న గడికి ఈ అంకెలను వర్తింపజేయరాదు. తుపాను వేళల్లో ఇల్లు విడిచి వెళ్లే తీరప్రాంత కుటుంబాలకు ఒక సులభమైన గుర్తు ఉపయోగపడుతుంది. చిన్న గిన్నెలో నీరు గడ్డకట్టించి, దానిపై ఒక నాణెం పెట్టి ఫ్రీజరులో ఉంచాలి. తిరిగి వచ్చాక నాణెం అడుగున గడ్డకట్టి కనిపిస్తే, మధ్యలో మంచు పూర్తిగా కరిగిందని అర్థం. అప్పుడు మాంసం గట్టిగా, వాసన లేకుండా ఉన్నా పారవేయాలి. రోగకారక బాక్టీరియా ఉన్నంత మాత్రాన వాసన రాదు. ముక్కుతో చేసే పరీక్ష నమ్మదగినది కాదు. మంచు పలుకులు ఇంకా మిగిలి ఉన్న మాంసాన్ని తిరిగి గడ్డకట్టించవచ్చు.

కడగడమా, మానడమా

పచ్చి కోడిని కుళాయి కింద కడగరాదని పాశ్చాత్య దేశాల ఆహార భద్రతా సంస్థలు చెబుతాయి. చిందే తుంపరలతో బాక్టీరియా సింకుకు, పక్కనున్న పాత్రలకు, కూరగాయలకు అంటుకుంటుందన్నది కారణం. దుకాణంలో రక్తం, ఈకలు, ఎముక నలుసులతో మాంసం అందుకునే మన గృహిణికి ఈ సలహా ఆచరణీయంగా తోచదు. పసుపు, ఉప్పు వేసి కడగడం తరతరాల అలవాటు. ఆ అలవాటును ఖండించడం కన్న సవరించడమే ఫలిస్తుంది. లోతైన గిన్నెలో నీరు పోసి, చిందకుండా మెల్లగా కడిగి, ఆ నీటిని నెమ్మదిగా పారబోసి, తరువాత సింకును, చేతులను సబ్బుతో కడగాలి. పసుపు, ఉప్పు, నిమ్మరసం రుచికి మంచివే. వంటకు ముందు అవి పట్టే కొద్ది సమయంలో మాంసాన్ని క్రిమిరహితం చేయలేవు. మసాలా పట్టించిన మాంసాన్ని నాననిచ్చే చోటు రిఫ్రిజిరేటరే.

మాంసం కోసిన కత్తిపీటతో, పలకతో ఉల్లి, కొత్తిమీర, దోస ముక్కలు కోయరాదు. వండకుండా తినే పెరుగు పచ్చడిలోకి చేరిన బాక్టీరియాను ఏ మంటా చంపదు.

పొయ్యి మీద

మాంసం నడిమి భాగం 70 డిగ్రీలకు చేరాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. అమెరికా వ్యవసాయ శాఖ కోడికి 74, కీమాకు 71, మేక, గొర్రెల పెద్ద ముక్కలకు 63 డిగ్రీలతోపాటు మూడు నిమిషాల విరామాన్ని నిర్దేశిస్తుంది. కీమాకు ఎక్కువ వేడి ఎందుకన్నది విద్యార్థులు గమనించవలసిన విషయం. పెద్ద ముక్కలో ఉపరితలానికే పరిమితమైన బాక్టీరియా, కీమా కొట్టినప్పుడు లోపలంతా కలిసిపోతుంది.

ప్రెషర్ కుక్కరులో ఉష్ణోగ్రత 120 డిగ్రీల దరిదాపులకు చేరుతుంది కనుక అక్కడ సందేహం లేదు. జాగ్రత్త అవసరమైనవి రెండు సందర్భాలు. సగం మంచు విడిన కోడికాళ్లను నూనెలో వేయిస్తే పైన ఎర్రగా వేగినా ఎముక పక్కన పచ్చిగా ఉండిపోతుంది. పచ్చి మాంసంతో దమ్ చేసే బిర్యానీలోనూ ఇదే ప్రమాదం. ఈ రెండింటికీ మాంసం పూర్తిగా మంచు విడి ఉండాలి. రంగును బట్టి నిర్ణయించడం మంచిది కాదు. లేత వయసు బ్రాయిలర్ల ఎముకలు గుల్లగా ఉంటాయి. గడ్డకట్టినప్పుడు మూలుగలోని వర్ణకం బయటికి వచ్చి, బాగా ఉడికిన ముక్కలోనూ ఎముక పక్కన నల్లగానో ఎర్రగానో కనిపిస్తుంది. నడిమి భాగంలో గుచ్చి చూసే ఆహార థర్మామీటరే సరియైన సాక్షి.

పొయ్యి దించిన తరువాత

క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్ అనే బాక్టీరియా సిద్ధబీజాలు మరిగే కూరలోనూ బతుకుతాయి. పెద్ద గుండిగలో కూర నెమ్మదిగా చల్లారుతూ 50 డిగ్రీల కిందికి దిగినప్పుడు అవి మొలకెత్తి అతివేగంగా వృద్ధి చెందుతాయి. బిర్యానీ అన్నంలో బాసిల్లస్ సీరియస్ ఇదే తీరున పెరిగి, వేడికి చెడని విషాన్ని తయారుచేస్తుంది. విందుల్లో మధ్యాహ్నం వండినది రాత్రికి, రాత్రి మిగిలినది మరునాటి ఉదయానికి వడ్డించడంలోని అపాయం ఇదే.

మిగిలిన కూరను వెడల్పాటి, లోతు తక్కువ పాత్రల్లోకి మార్చి, రెండు గంటల్లోపు, వేసవిలో గంటలోపు, రిఫ్రిజిరేటరులో పెట్టాలి. అక్కడ 3 నుంచి 4 రోజులు నిల్వ ఉంటుంది. తినే భాగాన్ని మాత్రమే తీసి, పొగలు కక్కేవరకు మరిగించాలి. మొత్తం గిన్నెను పదేపదే వేడి చేసి చల్లార్చడం తగదు.

విస్తరణ రంగం చేయవలసినది

కోళ్ల పెంపకం, జీవాల పోషణపై రైతులకు ఇచ్చే శిక్షణ సాధారణంగా అమ్మకంతో ముగుస్తుంది. ఆ మాంసాన్ని తినే కుటుంబాల్లో రైతు కుటుంబమూ ఒకటి. ఇంటి వంటగది కూడా కోత అనంతర యాజమాన్యంలో భాగమేనని గుర్తిస్తే ఈ విషయం శిక్షణలో సహజంగానే చోటు చేసుకుంటుంది.

పంట దశలను అంచనా వేయడానికి వ్యవసాయ విద్యార్థులు రోజువారీ ఉష్ణాన్ని కూడుతూ పోతారు. మొక్కజొన్నకు 10 డిగ్రీలను ఆధారంగా తీసుకొని, దానికి పైనున్న ప్రతి డిగ్రీని లెక్కలో చేరుస్తారు. మాంసానికీ అటువంటి ఖాతా ఒకటి ఉంది. దుకాణంలో గడిచిన పావుగంట, దారిలో అరగంట, గట్టు మీద గంట విడివిడిగా స్వల్పమే. ఖాతాలో అవి కూడుకుంటాయి. ఫ్రీజరు ఆ ఖాతాను తాత్కాలికంగా నిలిపివేస్తుందే కాని కొట్టివేయదు. మంచు విడగానే లెక్క ఆగినచోటి నుంచే సాగుతుంది.

గ్రామస్థాయి ప్రదర్శనకు కావలసినవి ఒక థర్మామీటరు, ఒక గ్లాసు నీరు. గ్లాసును రిఫ్రిజిరేటరు నడిమి అరలో రాత్రంతా ఉంచి, ఉదయం ఆ నీటి ఉష్ణోగ్రత 5 డిగ్రీలలోపు ఉన్నదో లేదో మహిళలే చూడాలి. ఆపై ఎవరి ఆదివారపు మాంసానికి వారే గంటల ఖాతా రాసుకోవాలి. ఆ కాగితం మీద మంచు విడదీసిన గంటలు అన్నింటికన్న పెద్ద అంకెగా కనిపించినప్పుడు, మరుసటి వారం పొట్లం గట్టు మీదికి కాక కింది అరలోకి చేరుతుంది.